సమ్మె రోజుల్లో అరువెవరిచ్చారు?

సంక్షోభం ముదిరితే విప్లవం దానంతటదే దగ్గరపడుతుందని నమ్మేవారు ఈ హాల్లో ఇంకా ఉన్నారు. నిన్న చదివిన పత్రాల్లో కొన్ని ఆ నమ్మకం మీదే నడిచాయి. వాటి రచయితలు చిన్నవాళ్ళు, చదువుకున్నవాళ్ళు. పాత లెక్కలు ఒకసారి తిరగేస్తే బాగుండేది.

1928లో కమ్యూనిస్టు ఇంటర్నేషనల్ ఆరో మహాసభ ‘మూడో దశ’ మొదలైందని ప్రకటించింది. పెట్టుబడిదారీ వ్యవస్థ కుదేలవుతుంది, కార్మికవర్గం ఎడమవైపు జరుగుతుంది అని దాని అంచనా. ఆ అంచనాలో మొదటి సగం, ఏడాది తిరిగేసరికి, న్యూయార్క్ షేర్ మార్కెట్లో నిజమైంది. రెండో సగం ఏమైందో జర్మనీ చెబుతుంది. 1932 ఆరంభంలో అక్కడ పనిలేనివాళ్ళు సుమారు 60 లక్షలు. ఆ నవంబరు ఎన్నికల్లో కమ్యూనిస్టులకు 100 స్థానాలు దక్కాయి. కానీ పార్టీ సభ్యుల్లో ఎక్కువమంది అప్పటికే నిరుద్యోగులు. యంత్రం దగ్గర నిలబడి దాన్ని ఆపగలిగేవాళ్ళు కొద్దిమందే మిగిలారు. 1933 జనవరి 30న హిట్లర్ చాన్సలర్ అయ్యాడు. పార్టీ సార్వత్రిక సమ్మెకు పిలుపిచ్చింది. సమ్మె జరగలేదు.

వియన్నా దగ్గర మారియంటాల్ అనే మిల్లు ఊరు ఉంది. మిల్లు మూతపడ్డాక అక్కడ మారీ యహోదా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్ చేసిన అధ్యయనం 1933లో అచ్చయింది. ఆ పరిశోధకులు వీధిలో నడిచేవాళ్ళ వేగాన్ని కూడా గడియారంతో కొలిచారు. ఇంటిపని తప్పని ఆడవాళ్ళ కంటే పనిలేని మగవాళ్ళే నెమ్మదిగా నడుస్తున్నారు. రోజంతా ఖాళీగా ఉన్నా గ్రంథాలయం మొహం చూసేవాళ్ళు తగ్గిపోయారు. అమెరికాలోనూ సంక్షోభానికి అట్టడుగు 1933 అయితే, మినియాపొలిస్, టొలీడో, శాన్‌ఫ్రాన్సిస్కో సమ్మెలు 1934లో వచ్చాయి. ఫ్లింట్‌లో జనరల్ మోటార్స్ కార్మికులు ఫ్యాక్టరీలోనే బైఠాయించింది 1936 డిసెంబరు చివర్లో. ఫ్యాక్టరీలకు మళ్ళీ ఆర్డర్లు రావడం మొదలై, చేతిలో కాస్త పని పడ్డాకే మనిషి పిడికిలి బిగించాడు.

ఇది చూపించి, ఆకలి మనిషిని చచ్చుబరుస్తుంది, ఇక చైతన్యం గురించి మాట్లాడటం దండగ అని తేల్చేసేవారు ఇంకో బాపతు. వాళ్ళకు బొంబాయి జవాబు చెబుతుంది.

బొంబాయి బట్టల మిల్లుల సంక్షోభం ప్రపంచ మాంద్యం కంటే ముందే మొదలైంది. జపాన్ పోటీ ఒకపక్క, రూపాయిని 18 పెన్నీల దగ్గర కట్టేసిన 1927 నిర్ణయం ఇంకోపక్క. యజమానులు ఆ భారాన్ని కార్మికుడి మీదికి నెట్టారు. రెండు మగ్గాలు నడిపేవాణ్ణి మూడు నడపమన్నారు, రేట్లు కోశారు. 1928 ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా సుమారు లక్షన్నర మంది పని మానేశారు. ఆ సమ్మెలోనే ఎర్రజెండా గిర్నీ కామ్‌గార్ యూనియన్ పుట్టి, ఏడాది చివరికి 50 వేలకు పైగా సభ్యులతో దేశంలోకెల్లా పెద్ద సంఘాల్లో ఒకటైంది. 1929 మార్చిలో నాయకుల్ని మీరట్ కుట్ర కేసులో పట్టుకుపోయారు. తర్వాతి నెలలోనే పిలిచిన రెండో సార్వత్రిక సమ్మె ఓడిపోయింది, సంఘం కూలిపోయింది.

ఈ కథ సభికులందరికీ కంఠోపాఠమే. ఇందులో ఎవరూ తేల్చని ప్రశ్న ఒకటుంది. దాన్ని పట్టుకుని తిరగడం వల్ల ఈ సభకు అధ్యక్షుణ్ణైన నాకు స్నేహితులు తగ్గారు. జీతం లేకుండా ఆరునెలలు లక్షన్నర కుటుంబాలు ఏం తిన్నాయి? సమ్మెకు మాస్కో నుంచి వచ్చిన సొమ్ము మీద పోలీసులు, కోర్టులు చేసినంత విచారణ మిల్లుల వాడ పరేల్‌లోని కిరాణా కొట్టువాడి పద్దు మీద ఎవరూ చేయలేదు. ఢిల్లీ పెద్దమనిషి ఒకరు ఈ వెతుకులాటకు ‘చిల్లరకొట్టు చరిత్ర’ అని పేరు పెట్టారు. పెట్టనివ్వండి. 1931లో కార్మికుల స్థితిగతుల మీద విట్లీ కమిషన్ నివేదిక వచ్చింది. చాలా పారిశ్రామిక కేంద్రాల్లో మూడింట రెండు వంతుల కుటుంబాలకు తక్కువ కాకుండా అప్పుల్లో ఉన్నాయని, ఎక్కువమందికి ఆ అప్పు మూడునెలల జీతాన్ని దాటిందని అందులో రాశారు. అది సమ్మెల్లేని మామూలు రోజుల సంగతి. ఆరునెలల సమ్మె చేసి, ఆ అప్పు తీరకముందే 1929లో మళ్ళీ గేటు బయటికి వచ్చినవాడికి కొట్టువాడు ఇంకెంత ఇస్తాడు? రెండో సమ్మె ఓటమికి నాయకత్వ దోషం, పోలీసు లాఠీ, యజమానుల పట్టుదల అన్నీ కారణాలే. అరువు ముగియడం వాటికంటే పెద్ద కారణమని ఈ అధ్యక్షుడి అభిప్రాయం.

అప్పుకు మతం కూడా ఉండేది. బొంబాయి కార్మికులకు పెద్దవడ్డీకి డబ్బిచ్చేవాళ్ళలో పఠాన్లు ఉన్నారు. సమ్మెలు విరచడానికి యజమానులు దించిందీ పఠాన్లనే. 1929 ఫిబ్రవరి అల్లర్లు మొదట వాళ్ళ మీద దాడులుగా మొదలై హిందూ ముస్లిం కొట్లాటగా మారాయి. బాకీదారు కోపం ఎక్కడ ముగిసింది, మతం కోపం ఎక్కడ మొదలైంది అన్నది తేలాలంటే పద్దులు చూడాలి, ఉపన్యాసాలు కావు.

కులం సంగతీ అంతే. నూలు తెగితే కండెలోంచి దారాన్ని నోటితో పీల్చి లాగాలి గనక దళితుల్ని నేత ఖాతాలోకి, అంటే నేత విభాగంలోకి, రానిచ్చేవారు కాదు. ఎక్కువ కూలి ఆ ఖాతాలోనే. 1928లో అంబేడ్కర్ ఈ మాట లేవనెత్తితే ఎర్రజెండా నాయకులు ఇష్టంగా ఒప్పుకోలేదు. ఐక్యత పేరుతో ఆ సంగతి దాటవేసే మన చరిత్రకారులు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళ పేర్లు చెప్పక్కర్లేదు.

1989లో దీపేష్ చక్రవర్తి కలకత్తా జూట్ కార్మికుల మీద పుస్తకం తెచ్చి, యూరప్ నమూనా వర్గ చైతన్యాన్ని ఇక్కడ వెతకడమేమిటని అడిగారు. ఆ కొత్తలో మన సభల్లో టీ విరామాలు కూడా కొట్లాటగా నడిచేవి. ఈ అధ్యక్షుడు కుర్చీ ఎత్తలేదు గానీ గొంతు బాగానే ఎత్తాడు. ఆ ప్రశ్న మంచిదే. జవాబు కోసం సంస్కృతిలోకి వెళ్ళినంత దూరం అంగడిలోకి వెళ్ళలేదన్నదే ఫిర్యాదు. 1994లో రాజ్‌నారాయణ్ చందావర్కర్ బొంబాయి పుస్తకం ఆ పని మొదలుపెట్టింది. వాడలో కూలీల్ని పనికి కుదిర్చే జాబర్, పెత్తనం చేసే దాదా, కొట్టువాడు సమ్మెకు ఎలా వెన్నుదన్నయ్యేవారో, ఎలా అడ్డుపడేవారో చూపింది. 2006లో ఆయన అకాలంగా పోయాక ఆ దారిలో నడిచినవాళ్ళు తక్కువ.

ఖానావళుల్ని చూడండి. ఒంటరిగా ఉండే మిల్లు కార్మికులకు ఇంట్లో వండిపెట్టి నెలాఖరున డబ్బు తీసుకునే ఆడవాళ్ళవి. 1973–74 సమ్మెలో వీళ్ళే తెచ్చిన సరుకులకు బాకీపడి కార్మికులకు అన్నం పెట్టారు. 1975లో ప్రేమా పురావ్ అన్నపూర్ణ మహిళా మండల్‌ను కట్టింది వాళ్ళతోనే. సమ్మె చరిత్రల్లో వాళ్ళకు దొరికే చోటు అధోసూచిక.

1982 జనవరి 18న కార్మిక నాయకుడు దత్తా సామంత్ వెంట బొంబాయి మిల్లుల నుంచి రెండున్నర లక్షల మంది బయటికి వచ్చారు. ఆ సమ్మె ఏడాది దాటినా నిలిచిందంటే సొంత ఊళ్ళ తిండిగింజలు ఒక ఆసరా. సమ్మె దెబ్బతిన్నాక, 1984లో, దేశమంతా కాంగ్రెస్ గాలి వీస్తుంటే అదే సామంత్‌ను లోక్‌సభకు పంపించారు. నమ్మకం చచ్చి పనిలోకి తిరిగి వెళ్ళారనే సిద్ధాంతకర్తలు ఈ ఓటును ఎలా చదువుతారో చెప్పాలి.

ఆ మిల్లుల్లో మన పద్మశాలీలు తరాలుగా నేత నేశారు. కరీంనగర్, నల్లగొండ, మహబూబ్‌నగర్ నుంచి వర్లీకి, లోయర్ పరేల్‌కి వెళ్ళినవాళ్ళు, షోలాపూర్‌లో స్థిరపడినవాళ్ళు, భివండి సాంచాల (మరమగ్గాల) మీదికి మారినవాళ్ళు వాళ్ళలో ఉన్నారు. 2004లో మీనా మేనన్, నీరా అడార్కర్ వంద గొంతులతో బొంబాయి మిల్లుల వాడ గిరణ్‌గావ్ మౌఖిక చరిత్ర తెచ్చారు. తెలుగు గొంతులతో అంత పని మనం చేయలేదు. తెలంగాణ సాయుధ పోరాటం మీద ఏటా పుస్తకాలు వస్తాయి, రావాలి. బొంబాయి నుంచి ఊరికి వచ్చిన మనియార్డర్ రసీదు మీద ఒక్క పరిశోధన పత్రం ఈ సభకు రాలేదు.

సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల, షోలాపూర్ ప్రాంతాల నుంచి వచ్చిన ప్రతినిధులకు ఒక విన్నపం. ఇళ్ళలో ఇంకా మిగిలిన మనియార్డర్ రసీదులు, ఉత్తరాలు, చిట్టీల పుస్తకాలు, కొట్టు పద్దులు పాత కాగితాలవాడికి పోకముందే సేకరించండి, ఫొటోలు తీసి ఎవరివో రాసిపెట్టండి. 1982 నాటికి ముప్పై ఏళ్ళున్నవారు డెబ్బై దాటారు, ముందు వాళ్ళ దగ్గరికి వెళ్ళండి. వచ్చే సభలో ఒక పూట పూర్తిగా ఈ కాగితాలకే కేటాయించాలని ఈ సాయంత్రం తీర్మానం పెడుతున్నాం. చేతులెత్తే ముందు మీ ఊళ్ళో ఎవరింట్లో ఏముందో కార్యదర్శికి చెప్పండి.