బన్‌యిప్ అను నీటిభూతము



ఇటీవల నొక సాయంకాలము మా మనుమని వెంటఁబెట్టుకొని అమీరుపేటనుండి పంజగుట్ట మీదుగా హుస్సేను సాగరపు గట్టునకుఁ బోతిని. అది 1562లో ఇబ్రహీం కుతుబ్ షా కాలమునఁ గట్టిన తటాకము. పిల్లవాఁడు నీటిని జూచి, "తాతా! ఇందులో బన్‌యిప్ ఉన్నదా?" అని యడిగెను. ఆ పేరు బడిలోని కథల పుస్తకమున చదివినాఁడఁట. వానికిఁ జెప్పిన సంగతినే మీకును విన్నవించెదను.

బన్‌యిప్ ఆస్ట్రేలియా ఆదిమవాసుల కథలలోని నీటిభూతము. మడుగులలో దాఁగియుండి, దరికి వచ్చినవారిని లోనికి లాగునఁట. దాని రూపమును గూర్చి ఏకవాక్యత లేదు. కుక్కమోము గలదని కొందఱు, పొడవైన మెడ గలదని మఱికొందఱు చెప్పిరి. పేరు మాత్రము విక్టోరియా ప్రాంతపు వెంబా-వెంబా, వెర్గయా జనుల పలుకునుండి వచ్చినదని భాషావేత్తల మాట. 1845లో అది గీలాంగ్ పట్టణపు పత్రికలో అచ్చుపడి తెల్లవారిలో వ్యాపించెను.

మఱుసటి యేఁట మరంబిడ్జీ నది యొడ్డున నొక వింతపుఱ్ఱె దొరకెను. 1847లో సిడ్నీ నగరపు మ్యూజియమున దానిని బెట్టఁగా జనులు మూఁగి చూచిరి. అది వికృతముగాఁ బుట్టిన గుఱ్ఱపుపిల్లదో, దూడదో యని పండితులు తేల్చిరి. పిమ్మట సిడ్నీలో 'బన్‌యిప్' అనఁగా వంచకుఁడను నర్థము కలిగెను. పిల్లలను లోతునీటినుండి కాపాడిన మాట పరిహాసమునకు పాలయ్యెను.

మన మకరమును జూడుఁడు. గంగకు వాహనము, మన్మథునికి ధ్వజము, గుడి తోరణమున శిల్పము. ఆ సంస్కృతపు మాటయే హిందీలో 'మగర్' అయి, ఇంగ్లీషున 'మగ్గర్' అయ్యెను. గజేంద్రుని పట్టినది 'గ్రాహము'. పట్టుకొనునది యని దాని యర్థము. సంగారెడ్డి చెంత మంజీరా నదిలో నేఁటికిని మొసళ్లు గలవు. మన పేరు వెనుక నిజమైన ప్రాణి యున్నది, వారి పేరు వెనుక లేదని నవ్వరాదు. రెండింటి వెనుకను ఉన్నది నీటి భయమే.

గ్రామవృద్ధులారా! చిన్ననాఁడు మీ చెరువులో ఏ మూల దయ్యమున్నదని మిమ్ము బెదరించిరో జ్ఞప్తికిఁ దెచ్చుకొనుఁడు. అచ్చట ఊబియో, గుండమో యుండవచ్చును. భూతమును నమ్ముమని పిల్లలకుఁ జెప్పనక్కఱలేదు. ఆ చోటి పేరును, ఆ పేరు వచ్చిన కారణమును తప్పక చెప్పుఁడు.

మా మనుమనితో నేను, "బన్‌యిప్ లేదు నాయనా, లోతు ఉన్నది" అంటిని. వాఁడు నా చేయి పట్టుకొని గట్టుమీఁదనే నడచెను.