కారణం అడిగే హక్కు మనది



కృత్రిమ మేధ మానవాళికి వరమా, శాపమా అన్న విషయంపై మమ్మల్ని మాట్లాడమన్నారు. మేము శాస్త్రజ్ఞులం కాము. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి పదవీ విరమణ పొందినవారం. ఆ ఫైళ్ళ అనుభవంతోనే నాలుగు మాటలు విన్నవిస్తాము.

దీని మేలును కాదనలేము. ఒక్క ప్రోటీను ఆకృతిని తెలుసుకోవడానికి శాస్త్రజ్ఞులకు ఏళ్ళు పట్టిన సందర్భాలున్నాయి. ఆ పనిని ఆల్ఫాఫోల్డ్ అనే కృత్రిమ మేధ సులభం చేసింది. దానిని రూపొందించిన డెమిస్ హసాబిస్, జాన్ జంపర్‌లు 2024 రసాయనశాస్త్ర నోబెల్ బహుమతిలో భాగస్వాములయ్యారు. కొత్త మందుల అన్వేషణకు అది తోడ్పడుతున్నది.

అయితే మందు వెదికే యంత్రం వేరు, మనిషి అర్హతను తేల్చే యంత్రం వేరు. తెలంగాణలో సమగ్ర వేదిక అనే వ్యవస్థ వివిధ శాఖల రికార్డులలోని పేర్లను, చిరునామాలను పోల్చి చూస్తుంది. మన పేర్ల సంగతి మీకు తెలియనిది కాదు. ఒకే మనిషి ఒక కాగితంలో మహమ్మద్, మరొక దానిలో ఎండీ. ఒకే బస్తీలో ఒకే పేరుగలవారు నలుగురు. ఒకరి కారు మరొకరి లెక్కలో పడితే పేదవాని ఇంట పొయ్యి వెలగదు. రాష్ట్రంలో రద్దయిన సుమారు 19 లక్షల రేషను కార్డులను క్షేత్రస్థాయిలో తిరిగి పరిశీలించాలని 2022లో సుప్రీంకోర్టు ఆదేశించవలసి వచ్చింది.

ఇది మన ఒక్కరి బాధ కాదు. నెదర్లాండ్స్‌లో శిశు సంరక్షణ భత్యం విషయంలో మోసాలను పట్టడానికి పన్నుల శాఖ వాడిన కంప్యూటరు విధానం పౌరసత్వాన్ని కూడా అనుమానానికి కొలమానం చేసింది. వేలాది కుటుంబాలు అన్యాయంగా మోసగాళ్ళన్న ముద్రపడి అప్పుల పాలయ్యాయి. 2021 జనవరిలో అక్కడి ప్రభుత్వమే రాజీనామా చేసింది.

మా కాలంలో దరఖాస్తును తిరస్కరిస్తే గుమాస్తా నోటు వ్రాసేవాడు, అధికారి సంతకం చేసేవాడు. మేమూ పొరపాట్లు చేశాము. పక్షపాతం చూపినవారూ లేకపోలేదు. కాని ఆ తప్పు కాగితం మీద ఉండేది, దాని క్రింద ఒక పేరు ఉండేది. అప్పీలుకు ఆధారం దొరికేది. నేడు కౌంటరు వద్ద “సిస్టమ్ తీసుకోవడం లేదు” అంటున్నారు. ఇక అప్పీలు ఎవరిపై పెట్టుకోవాలి?

కనుక యంత్రమే వద్దనడం మన కోరిక కారాదు. ప్రతి నిర్ణయానికీ ఒక మనిషి బాధ్యత వహించాలన్నదే మన కోరిక. సమాచార హక్కు చట్టం, 2005లోని సెక్షన్ 4(1)(డి) ప్రకారం ప్రభుత్వ సంస్థలు తమ పాలనాపరమైన నిర్ణయాలకు కారణాలను బాధితులకు తెలుపవలసి ఉన్నది. కంప్యూటరు చెప్పిందనడం కారణం కాదు. నోటిమాట విని వెనుదిరగకండి. వ్రాతపూర్వకంగా అడగండి, రసీదు పొందండి. అన్ని పత్రాలలో పేరు ఒకే విధంగా ఉండేటట్లు సరిచేయించుకోండి. చదువుకున్న మన యువతీ యువకులు వారానికొక సాయంత్రం బస్తీవాసుల అర్జీలు వ్రాసిపెట్టడానికి కేటాయించాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాము.