నాలుగు మీటలు, నూరు మీటర్లు
(కాడుగోడి తెలుగువారి కూటమిలో చేసిన ప్రసంగ పాఠము)



నేటి నా ప్రసంగమునకు విషయము ఒక చిన్న కంప్యూటరు ఆట. పెద్దల సభలో ఆటల ముచ్చట యేల యని కొందరికి తోచవచ్చును. కాని యీ యాట మన నడకను గూర్చినది. కావున అందరికిని సంబంధించినదే.

దీని పేరు 'క్వాప్'. 2008వ సంవత్సరమున బెన్నెట్ ఫాడీ యను ఆస్ట్రేలియా దేశీయుడు దీనిని రూపొందించెను. ఆయన తత్త్వశాస్త్ర పండితుడు కూడ. బ్రౌజరు తెరచిన చాలును, ఆట సిద్ధము. తెరపై ఒక పరుగుపందెగాడు నిలిచియుండును. వానిని నూరు మీటర్లు పరుగెత్తించుటయే మన పని. అందులకు నాలుగు మీటలు కలవు. క్యూ, డబ్ల్యు మీటలు తొడలను కదల్చును. ఓ, పి మీటలు పిక్కలను కదల్చును. ఇంతకుమించి నేర్వవలసినది లేదు.

అయినను, ఒకటి రెండు మీటలు నొక్కగనే వాడు కూలబడును. తొడ ముందుకు సాగిన పిక్క సహకరింపదు. పిక్కను సరిచేయులోపల మొండెము వాలిపోవును. కొందరు వానిని మోకాలిపై దేకించుచు ముందుకు నడపుదురు. ఎట్లో సగము దూరము పోయినవారికి ఒక అడ్డుకంచె ఎదురగును. 2009లో బెర్లిన్ నగరమున ఉసేన్ బోల్ట్ 9.58 సెకనులలో ముగించిన దూరము ఇదియే!

మన తొక్కుడుబిళ్లయు ఇట్టి ఒంటిపని ఆటయే. కన్నడ సోదరులు దానిని కుంటెబిల్లె యందురు. బిళ్ల దూరమైనకొలది కష్టము హెచ్చును; గీత త్రొక్కినచో వంతు పోవును. కాని గెంతుచున్న బాలిక తన తొడ యేది, పిక్క యేది యని ఆలోచింపదు. ఆ లెక్కను ఒడలే చూచుకొనును. క్వాప్ ఆ లెక్కను ఒడలినుండి తీసి మన వ్రేళ్లకు అప్పగించినది. అందుచేతనే పడిపోవుచున్నాము.

ఆ లెక్కను మనమందరము పడి లేచియే నేర్చితిమి. న్యూయార్కు విశ్వవిద్యాలయమునకు చెందిన కారెన్ అడాల్ఫ్, ఆమె సహచరులు 2012లో ప్రకటించిన పరిశోధన ప్రకారము, నడక నేర్చు పసిబిడ్డ గంటకు సగటున 2,368 అడుగులు వేసి 17 మార్లు పడును. ఆ బిడ్డను చూచి మనము చప్పట్లు చరచి మరల నిలుపుదుము.

అదే యింటిలో పక్షవాతము సోకిన పెద్దవారు తిరిగి నడక నేర్చునపుడు మన యోర్పు ఏమగుచున్నది? వారికి ప్రతి అడుగును ఈ నాలుగు మీటల వంటిదే. తొడకు, మోకాలికి, మడమకు వేరువేరుగా ఆజ్ఞ నీయవలెను. మనమో, "త్వరగా రండి, ఆటో వేచియున్నది" యందుము. లేదా, వైద్యుడు నడువుమన్నను, శ్రమ యెందుకని కుర్చీలోనే కూర్చుండబెట్టుదుము. మొదటిది తొందర, రెండవది జాలి. రెండును నడకకు శత్రువులే. 2023లో మన కాడుగోడికి మెట్రో రైలు వచ్చినది. ఆ స్టేషను మెట్లపై చేతికర్రతో మెల్లగా దిగువారి వెనుక నిలిచి విసుగుకొనువారిలో మనవారును కలరు.

కావున మీ యింటి పిల్లలు ఈ యాట ఆడునపుడు ఒక పావుగంట వారి ప్రక్కన కూర్చుండి మీరును మీటలు నొక్కి చూడుడు. నడక యెంతటి విద్యయో వ్రేళ్లకు తెలియును. ఈ యాటలో పడినవాడు ఒక్క మీటతో మరల మొదటి గీతయొద్ద నిలుచును, ఎవరును తొందరపెట్టరు. ఆ పాటి అవకాశమును మన యింటి పెద్దలకు మనము ఈయవలదా?