తెర మీద కనబడని ముఖం

(కోసిగిలో జరిగిన తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



టీవీ చూస్తే చదువు చెడుతుందన్న మాట నేను మీకు కొత్తగా చెప్పనక్కరలేదు. నేను అడగదలచిన ప్రశ్న వేరు. నీవు ఎవరివో అన్న సంగతి మన బిడ్డకు ముందుగా చెబుతున్నది మనమా, తెరా?

మా తరానికి ఉన్నది ఒక్క దూరదర్శన్. వీధికొక టీవీ ఉంటే గొప్ప. 1987 జనవరిలో రామాయణం, 1988 అక్టోబరులో మహాభారత్ ధారావాహికలు మొదలయ్యాయి. ఆదివారం ఉదయం వీధి వీధంతా ఒకే ఇంటి ముందు చేరేది. మన ఇళ్ల పిల్లలూ అదే చాప మీద కూర్చున్నారు. ఆ మహాభారత్‌కు సంభాషణలు రాసినవారు రాహీ మాసూమ్ రజా అని ఆనాడు మాకెవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే, ఈ దేశపు కథలో తమవారి కలానికీ చోటుందని ఆ పసి మనసులకు తెలిసేది. 1990లో టిప్పు సుల్తాన్ ధారావాహిక వచ్చింది. అది చరిత్ర కాదు, కల్పన అన్న ప్రకటనతో దానిని ప్రసారం చేయవలసి వచ్చింది.

1995లో తెలుగులో ప్రైవేటు ఛానళ్లు వచ్చాయి. ఆపైన సినిమాలే ఇంటింటి పాఠాలయ్యాయి. 1999లో సమరసింహారెడ్డి, 2002లో ఇంద్ర వంటి చిత్రాలు విడుదలైన తరువాత రాయలసీమ అంటే వేటకొడవలి, నాటుబాంబు అన్న ముద్ర స్థిరపడింది. వాన కోసం ఆకాశం వైపు చూసే రైతు, మూటాముల్లె సర్దుకుని సుగ్గికి పోయే కూలీ ఆ తెరకు అక్కరలేకపోయారు. ఇక ముస్లిం పాత్ర ఏమిటి? తెలుగును విరిచి మాట్లాడి నవ్వించేవాడు, లేదా బాంబు పెట్టేవాడు. కాదంటే కథానాయకుని కోసం ప్రాణమిచ్చే స్నేహితుడు. బడికి పోయే మన ఆడపిల్ల, గోడ కట్టే మన మేస్త్రీ, చేనికి పోయే మన తల్లి అందులో లేరు. కోసిగిలో పుట్టిన ముస్లిం బిడ్డకు సీమవాడన్న ముద్ర ఒకటి, తురకవాడన్న ముద్ర మరొకటి, రెండూ అంటుకున్నాయి. నలుగురిలో ‘అమ్మీ’ అని పిలవడానికి బిడ్డ జంకితే, ఆ జంకు వాడి పుట్టుకతో వచ్చినది కాదు.

2020 మార్చి చివరి నుంచి వార్తా ఛానళ్లు చేసినది మీకు గుర్తుంది. నిజాముద్దీన్ మర్కజ్ పేరుతో వ్యాధికి మతాన్ని అంటగట్టారు. ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం విదేశీ తబ్లీగీ సభ్యులపై పెట్టిన కేసులను కొట్టివేసి, ఆ ప్రచారాన్ని తప్పుపట్టింది. నింద వారాల తరబడి మోగింది. తీర్పు మన పిల్లలలో ఎందరి చెవిన పడింది? పక్కింటి హిందూ బిడ్డ కూడా ఆ నిందనే విన్నాడు. పీర్ల పండుగ నాడు పీరును భుజాన ఎత్తుకునేవారిలో హిందువులూ ఉండే సీమ మనది. అటువంటి ఇరుగుపొరుగు నడుమ అనుమానాన్ని నాటడం చిన్న నష్టం కాదు.

టీవీ హరాం అని తలుపు మూసుకున్న ఇళ్లలోనూ నేడు ఫోను ఉంది. తల్లిదండ్రులు మిరపకోతలకు గుంటూరు వైపు పోతే, ముసలివారి దగ్గర మిగిలిన పిల్లలకు అదే తోడు. కాబట్టి తెరను తిట్టి ఊరుకోవడం చాలదు. మన చేతిలో ఉన్న పనులు మూడు.

మొదటిది, పక్కన కూర్చోవడం. వార్త వస్తే నిర్ధారించుకోవాలనీ, ఒక జనం మరొక జనాన్ని ఎగతాళి చేయరాదనీ ఖుర్ఆన్ ‘హుజురాత్’ సూరా ఆదేశిస్తుంది. ఈ రెండు సూత్రాలతో తెరను పరీక్షించడం బిడ్డకు నేర్పండి.

రెండవది, ఫిర్యాదు చేయడం. మతాలపై, వర్గాలపై దాడి చేసే కార్యక్రమాలను కేబుల్ టెలివిజన్ నియమాలు, 1994లోని ఆరవ నియమం నిషేధిస్తుంది. 2021 సవరణ ప్రకారం మన ఫిర్యాదు అందినట్లు ఛానల్ 24 గంటలలో తెలపాలి, 15 రోజులలో పరిష్కరించాలి. కార్యక్రమం పేరు, తేదీ, సమయం రాసిపెట్టుకోండి. సివిల్ సర్వీసులలో ముస్లింల ప్రవేశాన్ని కుట్రగా చూపిన సుదర్శన్ టీవీ కార్యక్రమాన్ని 2020 సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు నిలిపివేసింది. ఎవరో ఒకరు కాగితం పట్టుకుని కోర్టు మెట్లెక్కినందువల్లనే అది సాధ్యమయింది.

మూడవది, మన కథ మనం చెప్పుకోవడం. ఒక ఆదివారం పిల్లలను ఆదోనికి తీసుకుపోండి. సిద్ది మసూద్ ఖాన్ కట్టించిన జామియా మసీదును చూపండి. 1786లో టిప్పు ముట్టడించినప్పుడు అక్కడి కోట నిజాం వంశీకుల చేతిలో ఉండేదని చెప్పండి. రాజుల యుద్ధాలన్నీ మతాల యుద్ధాలు కావని ఆ ఒక్క కోట బోధిస్తుంది. దాదీ, నానీ పడిన కరవుల కథలను పిల్లల చేత రాయించండి. ఫోను చేతిలో ఉంటే ఆ కథలను దానిలోనే చిత్రించనివ్వండి.

తెర మన ముఖాన్ని చూపకపోతే ఇంట్లో అద్దం మనమే పట్టాలి. అందుకు కావలసిన ఓర్పునూ ధైర్యాన్నీ అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.