పొట్లంపై మూడు అంకెలు

(జాతీయ వినియోగదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆమధ్య మా అమ్మ, ఇరవై ఏండ్లుగా సరుకులు కొంటున్న దుకాణదారుతో తగవు పెట్టుకున్నది. పది రూపాయల బిస్కట్ల పొట్లంలో రెండు బిస్కట్లు తక్కువగా వచ్చినవని ఆమె అభియోగం. ఇంట్లో మిగిలిన పాత పొట్లాన్ని కొత్తదాని పక్కన పెట్టి చూశాను. ధర అదే, రంగు అదే. నికర బరువు మాత్రం తగ్గినది. నిర్ణయం తయారీదారునిది, నింద మోసినవాడు మన వీధి దుకాణదారు.

ఆ నిర్ణయానికి కారణం లేకపోలేదు. పిండి, నూనె, చక్కెర ఖరీదులు పెరిగినపుడు పది రూపాయల సరుకును పదకొండుకు అమ్మడం కష్టం. చిల్లర దొరకదు, కొనేవారు వెనుకాడుతారు. కనుక ధరను నిలిపి బరువును తగ్గిస్తారు. తగ్గిన బరువును సరిగా ముద్రిస్తే అది చట్టవిరుద్ధం కాదు. కాని లెక్క చూడండి: వంద గ్రాములు ఎనభై అయితే బరువు నూటికి ఇరవై తగ్గినది, గ్రాము ధర నూటికి ఇరవైయైదు పెరిగినది.

బిస్కట్లు, టీ, వంటనూనె వంటివాటికి 2011 నాటి నియమాలు నిర్ణీత పరిమాణాల పట్టికను విధించినవి. 2021 నవంబరులో ప్రకటించిన సవరణ ఆ పట్టికను తొలగించి, యూనిట్ ధరను ముద్రించమన్నది: కిలోకు లోబడిన పొట్లంపై గ్రాము ధర, మించినదానిపై కిలో ధర. వర్తకునికి స్వేచ్ఛ లభించినది. పోల్చి చూసే బాధ్యత మనపై పడినది.

అనువాదకునిగా నా చింత ఒకటున్నది. ఈ వివరాలు దేవనాగరి లిపిలో హిందీలోగాని, ఇంగ్లీషులోగాని ఉంటే చాలునని నియమం. మరొక భాషను చేర్చడం తయారీదారు ఇష్టం. తెలుగు మాత్రమే చదువగల మా అమ్మకు ఆ పొట్లం మూగది. అయితే అంకెలకు భాషాభేదం లేదు. ఆమెకు మూడింటిని గుర్తించడం నేర్పాను: గరిష్ఠ ధర, నికర బరువు, గ్రాము ధర.

గరిష్ఠ ధరకు మించి అడిగినా, ఈ వివరాలు లేకపోయినా 1915కు ఫోను చేయవచ్చును. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయలకు మించకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు రుసుము లేదు.

దుకాణదారులకు ఒక విన్నపం. గ్రాము ధరను ఒడియాలోను, తెలుగులోను చీటీపై రాసి అర అంచున అంటించండి. అది కొనేవారికి మేలు, మీకు నింద నుండి రక్ష.

మరునాడు అమ్మ ఆ దుకాణానికి వెళ్ళి, “నాయనా, తప్పు నీది కాదు” అని చెప్పి, గ్రాము ధర తక్కువైన వేరొక పొట్లం తెచ్చుకున్నది.

సెలవు.