కోడి ఎవరిది వాళ్లదే, తెగులు ఊరందరిదీ

(వార్షిక సర్వసభ్య సమావేశంలో పెరటి కోళ్ల పెంపకంపై చేసిన ప్రసంగం)



పొద్దుటి నుంచీ అప్పులు, వాయిదాల గురించే మాట్లాడుకున్నాం. ఇప్పుడు కాసేపు పెరట్లోకి వెళదాం. పిల్లల పుస్తకాలకో, పొదుపు కట్టడానికో ఇంట్లో ఎవర్నీ అడగకుండా మన చేతికొచ్చే డబ్బు కోడి డబ్బే. కోడి చచ్చిపోతే పోయేది ఒక పూట కూర కాదు, మన చేతిలో ఆడే డబ్బు.

చిన్న లెక్క వేసుకుందాం. నాటుపెట్ట కింద 12 గుడ్లు పెట్టాం, 21 రోజులకు 9 పిల్లలు దిగాయనుకోండి. గద్ద ఒకటి, పిల్లి ఒకటి ఎత్తుకుపోయి, చలికి రెండు, తెగులుకు మూడు పోతే మిగిలేవి రెండే. గుడ్లు అమ్ముకున్నా నయమే కదా! అందుకని ఎక్కువ కోళ్లు పెంచడం తర్వాత సంగతి. పుట్టిన పిల్లను బతికించుకోవడం ముందు పని.

మొదట పుంజు సంగతి చూద్దాం. పెట్ట గుడ్డు పెట్టడానికి పుంజు అక్కర్లేదు గానీ, ఆ గుడ్డు పిల్ల కావాలంటే పుంజు ఉండాలి. 8, 10 పెట్టలకు ఒక్క పుంజు చాలు. ఎక్కువైతే అవి పొడుచుకుంటాయి, పెట్టల వీపు మీద ఈకలు ఊడిపోతాయి. చాలా ఇళ్లలో జరిగేదేమిటంటే, సంక్రాంతి ముందు బేరగాడు బాగా ఎదిగిన పుంజునే ఏరుకుపోతాడు. అల్లుడొస్తే కోసేదీ దాన్నే. పెరట్లో మిగిలేది గిడసబారిన పుంజు. మరుసటి ఏడు పిల్లలన్నీ దాని పోలికే. పైగా అదే పుంజును ఏళ్ల తరబడి ఉంచితే తన పిల్లలతోనే జత కడుతుంది. గుడ్లు సరిగా పిల్లలవ్వవు, దిగిన పిల్లలూ నీరసంగా ఉంటాయి. కాబట్టి మంచి పుంజును ముందే ఎంచుకుని, ఇది అమ్మేది కాదని ఇంట్లో చెప్పెయ్యండి. రెండేళ్లకోసారి పక్క ఊరి పుంజుతో మార్చుకోండి. కొత్తగా వచ్చినదాన్ని రెండు వారాలు విడిగా ఉంచి, ఏ జబ్బూ లేదనుకున్నాకే మందలో కలపాలి.

పొదిగేయడానికి వారం లోపు గుడ్లు కావాలి. ఎండాకాలంలో నాలుగైదు రోజులకు మించకూడదు. 7వ రోజు రాత్రి టార్చిలైటుకు అడ్డంగా పెట్టి చూస్తే లోపల ఎర్రటి నరాలు సాలెగూడులా కనబడతాయి. ఏమీ లేకుండా తేటగా ఉన్నవి తీసెయ్యండి. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ నుంచి వచ్చిన వనరాజా, గ్రామప్రియ నాటుకోడి కన్నా ఎక్కువ గుడ్లు పెడతాయి. కానీ పొదగడానికి కుదురుగా కూర్చోవు. వాటి గుడ్లనూ నాటుపెట్ట కిందే వెయ్యాలి. అందుకే నాటుపెట్టను వదులుకోకండి.

పిల్లలు దిగాక మొదటి నెల గండం. తల్లినీ పిల్లల్నీ గంప కింద ఉంచితే గద్ద భయం ఉండదు. తల్లి లేని పిల్లలకు బల్బు వెలిగించండి. పిల్లలన్నీ ఒకేచోట గుంపుగా ముడుచుకుంటే చలి, బల్బుకు దూరంగా పారిపోతే వేడి ఎక్కువైనట్టు. నీళ్లు లోతు లేని మూకుడులో పోసి నాలుగు గులకరాళ్లు వెయ్యండి, పిల్ల అందులో పడి మునగదు. ఉత్త నూకలతో సరిపెట్టకండి, చెదపురుగులు పెడితే పిల్ల ఇట్టే పుంజుకుంటుంది. పాత కుండలో గడ్డీ పేడా కుక్కి, సాయంత్రం చెదలున్న చోట బోర్లిస్తే తెల్లారేసరికి నిండుగా పడతాయి.

ఇక అసలు విషయం కొక్కెర తెగులు. కోడి మెడ వంకర తిప్పడం, ఆకుపచ్చగా పారడం, నోరు తెరిచి రొప్పడం దీని గుర్తులు. ఒకసారి వచ్చాక నయం చేసే మందు లేదు, టీకా ఒక్కటే దిక్కు. 5 నుంచి 7 రోజుల పిల్లకు లసోటా టీకా ఒక చుక్క కంట్లోనో ముక్కులోనో వేయించాలి. నాలుగో వారంలో మళ్లీ వేయించాలి. 8 వారాలప్పుడు ఆర్.టు.బి. సూది. మరి ఎందుకు వేయించడం లేదు? సీసా చిన్నదైనా 100 కోళ్లకు సరిపడా ఉంటుంది. ఐసులో పెట్టి తేవాలి, కలిపిన రెండు గంటల్లో వాడెయ్యాలి. ఒక ఇంట్లో ఉండేవి 15 కోళ్లు, మిగతా మందు పారబోయాల్సిందే. మనమొక్కరమే వేయించుకున్నా పక్క పెరట్లో తెగులు ఉంటే లాభం ఏముంది? కోడికి కంచె తెలియదు కదా. ఒక్కరి వల్ల కానిది సంఘం వల్ల అవుతుంది. అప్పు కోసం చేరాం, కోడి కోసం చేరలేమా?

ప్రతి గ్రామ సంఘం మూడు తీర్మానాలు రాసుకోవాలని మేము కోరుతున్నాం. ఒకటి, నెలకొక రోజు తెల్లవారుజామున ఊరి కోళ్లన్నిటికీ టీకా. కోడికి ఇంత అని అందరం వేసుకుందాం. రెండు, రెండేళ్లకోసారి పక్క సంఘంతో పుంజుల మార్పిడి. మూడు, తెగులు వచ్చిన కోడిని చవగ్గా అమ్మకుండా, కాలవలో పారెయ్యకుండా, సున్నం చల్లి లోతుగా పూడ్చడం.

భోజనాలు కాబోతున్నాయి. వడ్డన మొదలయ్యేలోగా ఒక్కో సంఘం లేచి తమ ఊరి టీకా రోజు ఎప్పుడో చెప్పి, మినిట్స్ పుస్తకంలో రాయించండి.