మంచు దాటివచ్చిన గుర్రాలు

గుర్రమనగానే మనకు రాజులూ, యుద్ధాలూ, పందేలూ గుర్తుకొస్తాయి. ఇవాళ నేను చెప్పబోయే ట్రాకెనర్ జాతి కథలో మాత్రం ఆడవాళ్ళ పాలు చాలా ఉంది.

యూరప్‌లో దీన్ని 'వెచ్చని నెత్తురు' గుర్రమంటారు. అంటే ఒంటి వేడి కాదండీ, స్వభావం. బరువులు లాగే నిదానపు గుర్రాలది చల్లని నెత్తురు. అరబ్బీ గుర్రాలదీ, ఇంగ్లీషు పందెపు గుర్రాలదీ వేడి నెత్తురు. ఈ రెంటికీ నడుమ, స్వారీ క్రీడలకు అనువైనవి వెచ్చనివి.

ప్రష్యా రాజు మొదటి ఫ్రెడరిక్ విలియమ్ 1732లో తూర్పు ప్రష్యాలోని ట్రాకెనెన్‌లో పెద్ద అశ్వశాల పెట్టించాడు. అక్కడి పొట్టి, గట్టి నాటు గుర్రాలకు క్రమంగా అరబ్బీ, ఇంగ్లీషు జాతుల రక్తం కలిపారు. సన్నని ముఖం, పెద్ద కళ్ళు, పొడుగాటి మెడ, నేల తాకీ తాకనట్టుండే నడక, వీటికి తోడు దూరాభారాలకు ఓర్చే సత్తువ – ఇవీ దీని లక్షణాలు. 1787 నుంచి ఆ అశ్వశాల గుర్రాల తొడమీద ఏడు కొనల దుప్పికొమ్ము ముద్ర వేసేవారు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో క్రోనోస్, నుర్మీ అనే ట్రాకెనర్లు బంగారు పతకాలు తెచ్చాయి.

అసలు పరీక్ష 1945 జనవరిలో వచ్చింది. సోవియట్ సైన్యం ముంచుకొస్తున్నా, ఊళ్ళు ఖాళీ చేయడానికి అధికారులు చివరిదాకా ఒప్పుకోలేదు. మగవాళ్ళు చాలామంది యుద్ధంలో ఉన్నారు. ఆడవాళ్ళూ, ముసలివాళ్ళూ, పిల్లలూ బండ్లకు ఈ గుర్రాలనే కట్టుకుని బయలుదేరారు. వాటిలో చూలు గుర్రాలు కూడా ఉన్నాయి. గడ్డకట్టిన విస్తులా సరస్సు మీద, పైనుంచి విమానాల కాల్పుల మధ్య నడిచారు. మంచు పగిలి బండ్లకు బండ్లే మునిగిపోయాయి. వేల గుర్రాలున్న ఆ జాతిలో పశ్చిమ జర్మనీ చేరినవి రమారమి వెయ్యి! 1947లో అక్కడ సంఘం పెట్టి, మిగిలినవాటితోనే జాతిని నిలబెట్టారు. నేటికీ అరబ్బీ, ఇంగ్లీషు జాతులకు సంబంధించిన రక్తం తప్ప వేరే రక్తం కలపనివ్వరు.

ఆ జాతిలో పుట్టిన డలేరా అనే ఆడగుర్రం, యెస్సికా ఫాన్ బ్రెడో-వెర్న్‌డల్ అనే జర్మన్ మహిళ స్వారీలో, 2021లో టోక్యోలోనూ, 2024లో పారిస్‌లోనూ ఒలింపిక్ బంగారు పతకాలు గెలిచింది. అందరూ దాని అడుగుల అందాన్ని మెచ్చుకున్నారు. ఆ అడుగులు మనదాకా రావడానికి, ఆనాడు మంచుమీద పగ్గం వదలని పేరు తెలియని తల్లులు కారణమని మనమైనా గుర్తుంచుకుందాం.